ముల్లు మంచిదే, ఎర్తే లేదు: ఆరు వానాకాలాలు నడిచిన ఫైబర్ బాడీ రెండు సీట్ల బండి

పాతకాలం తీరులో కట్టిన ఈ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇంజను, మడత టాపు, సైజుల సంగతి అందరికీ తెలిసిందే. గోదావరి గాలిలో ఆరు వానాకాలాలు నడిచాక చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది: పెట్రోలు ముల్లు. కొత్తలో దాన్ని మెచ్చుకున్నాను. నల్ల డయలు, తెల్ల అక్షరాలు, చుట్టూ క్రోము రింగు. తాళం తిప్పగానే గభాలున లేవకుండా అర నిమిషం పాటు తాపీగా పైకొచ్చి ఆగుతుంది. పాలకొల్లు రోడ్డు గతుకుల్లో కూడా వణకదు. ఆ తాపీతనం మీదే ఇప్పుడు కోపం. ట్యాంకులో జరుగుతున్న చెడును ఏళ్ల తరబడి కప్పిపెట్టింది అదే.

ముల్లు వెనక రెండు లోహాలు అతికిన పట్టీ, దాని చుట్టూ సన్నటి తీగ ఉంటాయి. తీగ వేడెక్కితే పట్టీ వంగి ముల్లు లేస్తుంది. వేడెక్కాలన్నా చల్లారాలన్నా టైము పడుతుంది కాబట్టి, ట్యాంకులో కనెక్షను క్షణానికోసారి తెగి కలుస్తున్నా ముల్లు ఎగిరిపడదు, కాస్త కిందికి జారి ఊరుకుంటుంది. చూసేవాళ్లు పెట్రోలు తగ్గిందనుకుంటారు.

ఈ బండిలో కనిపించిన తేడాలు ఇవి. ట్యాంకు నిండా కొట్టించినా ముల్లు ముప్పావు దాటదు. రాత్రి లైట్లు వేస్తే ఇంకొంచెం దిగుతుంది. చించినాడ వంతెన ముందు లారీల వెనక బ్రేకు నొక్కి నిలబడితే అర్ధానికి వస్తుంది, కాలు తీస్తే మళ్లీ మెల్లగా ఎక్కుతుంది. ఇలాంటి బండిని వైరింగ్ మేస్త్రీకి ఇస్తే ముందు మీటరు మార్చేద్దామంటారు. ఒప్పుకోకండి. బ్రేకుతో పాటు ముల్లు దిగుతోందంటే లోపం మీటరులో కాదు, వెనకాల ఎర్తులో, అంటే కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగెళ్లే దారిలో.

ముందు టెంపరేచర్ ముల్లు చూడండి. ఈ తరహా డ్యాష్‌బోర్డులో రెండు మీటర్లకీ కలిపి 10 వోల్టుల స్టెబిలైజరు ఒకటే ఉంటుంది. రెండు ముళ్లూ కలిసి ఎక్కువ చూపిస్తుంటే దాని పని అయిపోయినట్టు, లేదా దాని ఎర్తు ఊడినట్టు. బదులుగా 7810 అనే మూడు కాళ్ల ఐసీ వేసుకోవచ్చు, మధ్య కాలు ఎర్తుకి. టెంపరేచర్ సరిగా ఉండి పెట్రోలు ఒక్కటే తప్పు చెబుతుంటే డిక్కీ తెరవండి.

ట్యాంకులో పెట్రోలుతో పాటు లేచి దిగుతూ ముల్లుకి మట్టం చెప్పేది ఫ్లోట్ యూనిట్. నిండుకి సుమారు 20 ఓంలు, సగానికి 70, ఖాళీకి 240 చూపించే రకం ఇది. యూనిట్ వైరు ఊడదీసి బండి తాళం ఆన్ చేస్తే ముల్లు ఖాళీకి పడాలి. తాళం ఆఫ్ చేసి, ఆ వైరుకి ఒక వాట్ 22 ఓంల రెసిస్టరు కట్టి, రెండో కొసని పొడవాటి వైరుతో బ్యాటరీ నెగెటివ్‌కి బిగించి అప్పుడు తాళం ఆన్ చేయండి. పెట్రోలు దగ్గర నిప్పురవ్వ రాకూడదు కాబట్టి కలపడం ముందు, తాళం తర్వాత. నిమిషంలో ముల్లు ఫుల్‌కి వచ్చింది. మీటరు బాగున్నట్టే. అదే రెసిస్టరు కొసని ఫ్లోట్ యూనిట్ మూత ఇనుముకి బిగిస్తే ముల్లు ముప్పావులోనే ఆగింది. దొంగ దొరికాడు.

ఇనుప బాడీ కారులో రేకంతా ఎర్తే. ఇక్కడ బాడీ ఫైబరు, కరెంటు పారదు. ట్యాంకు నుంచి ఛాసిస్‌కి ఒక్క నల్ల వైరు వస్తుంది, టెయిల్ ల్యాంపులు, బ్రేకు ల్యాంపులు కూడా ఆ వైరు మీదే బతుకుతున్నాయి. దాని థింబుల్ (వైరు కొసని స్క్రూకి బిగించే లోహపు ముక్క) తెరిస్తే రాగి పోగుల మధ్య పచ్చటి చిలుము పొడిపొడిగా రాలింది. అంతర్వేది వైపు ఉప్పుగాలి, రొయ్యల చెరువుల తేమ కలిస్తే రాగికి జరిగేది అదే. అక్కడ అర ఓం అడ్డు ఉన్నా 21 వాట్ల బ్రేకు బల్బులు రెండూ వెలిగితే మూడున్నర ఆంపియర్లు దానిలోంచే పోవాలి. ఒకటిముప్పావు వోల్టు ఎర్తులోనే పోతుంది, ముల్లు దిగుతుంది. మల్టీమీటరు ఒక కొస యూనిట్ మూతకి, ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి పెట్టి బ్రేకు నొక్కించి చూడండి. 0.1 వోల్టు దాటకూడదు.

మందు చిన్నదే. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరొకటి యూనిట్ మూత స్క్రూ నుంచి నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకెవరితోనూ పంచుకోకుండా. కింద పళ్ల వాషరు, బిగించాక పైన వాజలీను. ల్యాంపులకి వాటి ఎర్తు వాటికి వేరే. కట్టేవాళ్లు మొదట్లోనే ఈ రెండో వైరు వేసుంటే ఇంత అవస్థ ఉండేది కాదు.

తీరా ఎర్తు బాగయ్యాక రెండో జబ్బు బయటపడింది. సగానికీ పావుకీ మధ్య ముల్లు మళ్లీ జారుతోంది. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ట్యాంకు పావు కంటే తగ్గాక, ఆరుబయట యూనిట్ ఊడదీయాలి. స్క్రూలు తీశాక మూతని ఒక పక్కకి వాల్చి, ఫ్లోట్ చెయ్యి వంగకుండా తిప్పుతూ లాగాలి. బయటకి తీసి చెయ్యిని నెమ్మదిగా లేపుతుంటే మల్టీమీటరు అంకెలు వరసగా మారి, 110 దగ్గర ఒక్కసారి తెగిపోయాయి. జనం ఎక్కువగా తిరిగేది సగం, పావు ట్యాంకుతోనే కాబట్టి తీగ చుట్టు అక్కడే అరుగుతుంది. ఎమరీ కాగితం పెట్టి రుద్దకండి, తీగ తెగిపోతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ తీగ చుట్టు మీద రాసుకునే నాలికని ట్వీజరుతో అర మిల్లీమీటరు పక్కకి వంచితే అరగని చోట పడింది. ఇది తాత్కాలికమే, కొత్త యూనిట్ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఇత్తడి ఫ్లోటుని వేడినీళ్లలో ముంచి చూడడం మరిచిపోకండి, బుడగలొస్తే చిల్లి పడ్డట్టే. కార్కు గాస్కెట్ మళ్లీ వేయకండి, ఇథనాల్ కలిసిన ఈనాటి పెట్రోలుకి వైటన్ రబ్బరుదే నిలుస్తుంది.

చివరికి ఖాళీ ట్యాంకులో ఐదేసి లీటర్లు పోస్తూ ముల్లు చూశాను. మొదటి ఐదు లీటర్లకి కదలదు. పదికి పావు దగ్గరకి, ఇరవైకి సగం దాటి, ముప్పైకి ఫుల్. పళ్లెంలా వెడల్పైన ట్యాంకు కాబట్టి గుడి ముందు చదును మీద చూసినదే లెక్క, ఏటిగట్టు మీద పక్కకి ఒరిగినప్పుడు చూసినది కాదు. పెట్రోలు పోసే మూత నుంచి గొట్టం తిన్నగా దిగుతుంది కాబట్టి, ప్రతి ఐదు లీటర్లకీ గాటు పెట్టిన వెదురు బద్ద ఒకటి సీటు వెనక ఉంటుంది.

భీమవరం, నరసాపురం మధ్య పగటిపూట తిరిగేవాళ్లకి అడుగడుగునా బంకులున్నాయి, ఇదంతా పెద్ద విషయం కాదు. ఊరికి దూరంగా, షెడ్డు లేకుండా, సముద్రం దగ్గర ఉండేవాళ్లకి మాత్రం ఈ బండి కొనమని గట్టిగా చెప్పలేను. మల్టీమీటరు పట్టుకోవడం వచ్చినవాళ్లయితే వేరే మాట. ఎర్తు వేశాక రెండు వానాకాలాలు గడిచాయి, బ్రేకు నొక్కితే ముల్లు కదలడం లేదు. 110 దగ్గర మాత్రం ఈ మధ్య మళ్లీ కొంచెం తడబడుతోంది.