మారతహళ్ళిలో శనివారం ఈమెయిల్ క్లాసు: నా అనుభవం

బెంగళూరులో మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఆంధ్రా మెస్ పైన, రెండో అంతస్తులో ఈ క్లాసు. ఆఫీసు మెయిళ్లు ఇంగ్లీషులో తప్పుల్లేకుండా రాయడం నేర్పుతారు. నాలుగు శనివారాలకు 2,000 రూపాయలు. మా టీమ్ లీడ్ నా మెయిల్‌ని అందరి ముందూ సరిదిద్దాక టెన్షన్ పట్టుకుని చేరాను.

మూడేళ్లుగా ప్రతి మెయిల్ చివరా 'లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ' అనే రాస్తున్నాను. మేడమ్ ఆ ఒక్క ముక్క మీదే ముప్పావుగంట గడిపారు. 'టు గో', 'టు ఈట్'లో ఉండే 'టు' కాదట ఇది, మన 'కోసం' లాంటిదట. "మీ జవాబు కోసం చూస్తున్నా అంటారు గానీ, జవాబివ్వు కోసం అంటారా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. పక్కన 'యువర్ రిప్లై' పెడితే అతుకుతుంది కాబట్టి, క్రియ వస్తే 'హియరింగ్' అనే రాయాలి. అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

'రివర్ట్' సంగతి ఇంకా సిగ్గు. ఆఫీసులో కోడ్‌ని పాత వెర్షన్‌కి రోజూ రివర్ట్ చేస్తూనే, మెయిల్‌లో మాత్రం 'జవాబివ్వండి' అనే అర్థంలో వాడేస్తున్నాను. మన దేశంలో చెల్లిపోతుంది, బయటివాళ్లు మాత్రం తికమకపడతారు.

లోపాలా? ఇరవై మందికి ఒకే ఫ్యాన్. వాళ్లిచ్చిన నోట్సులోనే 'డిస్కస్ అబౌట్' అని అచ్చయింది, ఆ 'అబౌట్' అక్కర్లేదు. చెబితే మేడమ్ పెన్నుతో కొట్టేశారు. పన్నెండు దాటితే కింది నుంచి వేపుడు వాసన వస్తుంది, ఇక పాఠం ఎక్కదు. పొద్దున బ్యాచ్ తీసుకోండి.