స్టెప్‌సైజ్ 12 గురించి మూడేళ్ల తర్వాత

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత వీడియో ప్రోగ్రాంలో కుదుపుల వీడియోను నిలకడగా చేసే పనిముట్టు విడ్‌స్టాబ్. మొదటి విడతలో కుదుపును కొలుస్తుంది, రెండో విడతలో ఆ కొలతలతో వీడియోను సరిచేస్తుంది. రెండో విడతతో నాకు పేచీ లేదు. నా గొడవంతా మొదటి విడతతో, అంటే ఫ్రేము ఫ్రేముకీ బొమ్మ ఎంత జరిగిందో కొలిచే విశ్లేషణతో. ఆ గొడవలో సగం నా తప్పే.

మాది విజయనగరం. ఏటా దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల వైపు చుట్టాల మేడ మీద నిలబడి ఫోన్‌తో తీస్తాను. పిట్టగోడ దగ్గర పదిమంది తోపులాట, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో అరటిపళ్లు విసరడం. వీడియో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి నా దగ్గర మూడు క్లిప్పులు, కలిపి 40 నిమిషాలు. ఇంట్లో ఉన్నది నాలుగు కోర్ల పాత డెస్క్‌టాప్. మొదటి ఏడాది విశ్లేషణకే దగ్గర దగ్గర నాలుగు గంటలు పట్టింది. బొబ్బిలిలో ఉండే మా బామ్మర్ది ఫోన్ చేసి, "ఏటి బావా, మళ్లీ పండగొచ్చీలోగా ఇస్తావా?" అన్నాడు.

ఆ మాట పడ్డాక రెండు మార్పులు చేశాను. విశ్లేషణకి ఉన్న సెట్టింగుల్లో స్టెప్‌సైజ్ ఒకటి, మామూలుగా 6 ఉంటుంది, దాన్ని 12 చేశాను. అంటే కదలికను వెతికేటప్పుడు పెద్ద అంగలు వేస్తుంది, పని తగ్గాలి. అదే చేత్తో, మొదటి విడతలో అనవసరంగా వీడియో ఫైలు తయారు కాకుండా అవుట్‌పుట్‌ను నల్‌కి, అంటే ఏదీ దాచకుండా పారేసే దారికి, మళ్లించాను, ఆడియో కూడా తీసేశాను. నాలుగు గంటల పని రెండున్నరకి దిగింది. ఇంకేముంది, అడిగినవాడికీ అడగనివాడికీ స్టెప్‌సైజ్ మహిమ చెప్పుకుంటూ తిరిగాను. పెళ్లి వీడియోలు తీసే ఒక మిత్రుడి చేత కూడా 12 పెట్టించాను.

మర్నాడు అతను ఫోన్ చేసి "ఏం తేడా లేదు గురూ" అన్నాడు. అతని మెషీన్‌లోనే ఏదో లోపం ఉందనుకున్నాను. అలా ఏడాది గడిచింది.

రెండో పండగప్పుడు అనుమానం వచ్చి ఒకే క్లిప్‌ని 6తో ఒకసారి, 12తో ఒకసారి నడిపాను. నిమిషం తేడా కూడా లేదు! 18 పెట్టాను, అంతే. అప్పుడు కూర్చుని, నల్ల తెర మీద జరజరా జారిపోయే అక్షరాలను పైకి జరుపుతూ ఒక్కొక్క వరుసా చదివాను. దొరికింది. అక్యురసీ అని ఇంకో సెట్టింగు ఉంది, బొమ్మలో ఎన్ని చోట్ల కొలవాలో చెప్పేది. అది 9 దాటి ఉంటే, స్టెప్‌సైజ్ 6 కన్నా ఎక్కువ ఇచ్చినా విడ్‌స్టాబ్ తనంతట తానే 6కి దించేసుకుంటుంది. అక్యురసీకి మనం ఏమీ చెప్పకపోతే ఉండేది 15. అంటే ఏడాదిపాటు నేను పెట్టిన 12 ఒక్కసారి కూడా పని చేయలేదు. గంటన్నర మిగిల్చింది నల్ మార్పే, పేరు మాత్రం స్టెప్‌సైజ్‌కి వచ్చింది. తప్పు అని గట్టిగా చెప్పి ఆగిపోయినా బాగుండేది. ఒక్క వరుసలో నెమ్మదిగా గొణిగి ముందుకెళ్లిపోతుంది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

అక్యురసీ 9కి దించి స్టెప్‌సైజ్ 12 ఇచ్చాక నిజంగానే వేగం పెరిగింది. రెండున్నర గంటలు గంటా పావుకి వచ్చింది. మిత్రుడికి ఫోన్ చేసి ఒప్పుకున్నాను. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

అయితే ఈ పొగడ్తకీ ఒక మెలిక ఉంది. మధ్యాహ్నపు వెలుగులో తీసిన మొదటి రెండు క్లిప్పులకి 9 చాలింది. పొద్దుగూకే వేళ తీసిన మూడోదానికి చాలలేదు. మసక బొమ్మలో కొలవడానికి పట్టు దొరికే చోట్లు తక్కువ, అక్యురసీ తగ్గిస్తే అవి ఇంకా తగ్గిపోతాయి. ఆ ఒక్కదానికి మళ్లీ అక్యురసీ 15, స్టెప్‌సైజ్ 6 పెట్టుకుని కూర్చున్నాను. ఇంకో చిక్కు సెట్టింగులకి లొంగదు. సిరిమాను తెర నిండా వచ్చినప్పుడు విడ్‌స్టాబ్ దాన్నే నేల అనుకుని పట్టుకుంటుంది. "ఏటి బావా, మాను కదల్లేదు, మేడలు ఊగుతున్నాయి" అన్నాడు బామ్మర్ది. ఆ ముక్కను సరిచేయకుండా అలాగే వదిలేస్తున్నాను.

సగం సైజు కాపీ మీద విశ్లేషణ చేసి ఆ లెక్కలను అసలు వీడియోకి వాడదామనీ చూశాను. జరుగుడును అది పిక్సెళ్లలో రాసుకుంటుంది. చిన్న కాపీలో 4 పిక్సెళ్లంటే అసలు దాంట్లో 8. అందుకని సగం కుదుపే పోయింది, మిగతా సగం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మూడు క్లిప్పులనీ మూడు విండోల్లో ఒకేసారి నడుపుతున్నాను. నా మెషీన్‌లో ఒక్క విశ్లేషణ నాలుగు కోర్లనీ నింపడం లేదు కాబట్టి ఇది కలిసొచ్చింది. మీ దగ్గర అన్ని కోర్లూ ముందే నిండుతుంటే లాభం ఉండదు. కొలతలు రాసుకునే రిజల్ట్ ఫైలుకి మాత్రం ఒక్కోదానికీ వేరే పేరు ఇవ్వండి. ఇవ్వకపోతే మూడూ ట్రాన్స్‌ఫామ్స్ డాట్ టీఆర్‌ఎఫ్ అనే ఒకే ఫైల్లో రాస్తాయి. నాకు ఒక రాత్రి అలాగే పోయింది.

విడ్‌స్టాబ్ వదిలి వేరేది కొనాలా, మార్చాలా అని అడిగితే నేను చెప్పలేను. ఇది ఉచితం, నాకు ఏడాదికి పని ఒక్కసారి. కెమెరాలో జైరో సమాచారం, అంటే కెమెరా ఎటు ఎంత తిరిగిందో చెప్పే లెక్క, నమోదయ్యేవాళ్లు దానితో కుదుపు సరిచేసే గైరోఫ్లో అనే ప్రోగ్రాం వాడుకుంటే బొమ్మను ఇలా వెతుక్కునే అవసరమే ఉండదు. నా ఫోన్ క్లిప్పుల్లో అది లేదు. వచ్చే ఏడాదికి ట్రైపాడ్ తెచ్చుకోమంటోంది మా ఆవిడ. ఆ పిట్టగోడ మీద దానికి చోటెక్కడ?