మొప్పల్లో పురుగుకు పేరు పెట్టే ల్యాబ్: పండుగప్ప రైతుకి ఎంతవరకు అక్కరకొస్తుంది?

భీమవరం చుట్టుపక్కల రొయ్యకి పీసీఆర్ (జన్యు పదార్థాన్ని బట్టి రోగం పట్టే పరీక్ష) చేసే ల్యాబులకు కొదవ లేదు. చేప మొప్పలు కోసి, అందులో ఉన్న బల్లపరుపు పురుగు ఏ రకమో పేరుతో సహా రాసిచ్చేవాళ్లే తక్కువ. అలాంటి ఒక ప్రైవేటు ల్యాబ్ గురించి ఈ రివ్యూ. చూసినవి రెండు రిపోర్టులు, వాటి స్లైడులు. ఒకటి అంతర్వేది దగ్గర ఉప్పునీటి చెరువులోని పండుగప్పది, రెండోది కాకినాడ రేవులో దిగిన వంజరానిది.

పండుగప్ప రిపోర్టులో "డాక్టైలోగైరస్, మోస్తరు" అని రాశారు. అది తప్పు. బొచ్చె, శీలావతి చెరువుల అలవాటు కొద్దీ మొప్పల్లో ఏది కదిలినా డాక్టైలోగైరస్ అనేయడం డెల్టా అంతటా ఉన్నదే. అది ప్రధానంగా మంచినీటి కార్పు చేపల పురుగు. పండుగప్ప మొప్పలకి పట్టేవి డిప్లెక్టానిడే కుటుంబంవి. ఈ రెండూ మోనోజీనియా తరగతివే, అంటే ఒక్క చేప మీదే బతుకంతా గడిపే బల్లపరుపు పురుగులు. రెండింటికీ తల దగ్గర 4 కంటి చుక్కలు, తోక కొసన 14 చిన్న కొక్కేలు ఉంటాయి కాబట్టి మైక్రోస్కోపు 10 లెన్స్ కింద అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. 40 లెన్స్ పెట్టి తోక కొస చూడాలి. పెద్ద కొక్కేలు ఒక్క జతే ఉంటే డాక్టైలోగైరస్. రెండు జతలు, వాటికి ఆనుకుని 3 కడ్డీలు, వాటితోపాటు సన్నని పుల్లలు వరసలుగా పేర్చిన విసనకర్ర లాంటి పలకలు పైనొకటి, కిందొకటి ఉంటే డిప్లెక్టానిడ్. ఆ ల్యాబ్ ఇచ్చిన స్లైడులోనే ఒక పురుగుకి రెండు జతలూ కనిపిస్తున్నాయి. చూపు అంతదాకా పోలేదు, అంతే.

మిగతా పురుగులు చూడటానికి వీల్లేకుండా ముడుచుకుపోవడానికి కారణం వేరే ఉంది. బతికున్న పురుగుని నేరుగా చల్లటి ఫార్మలిన్‌లో వేశారు. పొగలు వచ్చేంత వేడి ఉప్పునీళ్లు ఒక్కసారి పోసి ఉంటే సాగి నిలిచేవి. రంగు కూడా అసిటోకార్మైన్ ఒక్కటే వాడారు. దాంతో లోపలి అండాశయం, వృషణాలు చక్కగా ఎర్రబడతాయి గానీ కొక్కేలు తేలవు. కొక్కేల కోసం రెండు మూడు పురుగుల్ని విడిగా తీసి, కవర్‌స్లిప్ కింద బాగా అణిచి, అమ్మోనియం పిక్రేట్ కలిపిన గ్లిజరిన్ ఎక్కించాలి. మిగిలిన శాంపిల్ మొత్తం ఫార్మలిన్‌లోనే పెట్టారు కాబట్టి రేపు డీఎన్ఏ చేయిద్దామన్నా అది పనికిరాదు. 95 శాతం ఆల్కహాల్‌లో నాలుగు పురుగులు పక్కన పెట్టమని ముందే అడగండి.

పేరుతో రైతుకేం పని అనుకోవద్దు. డిప్లెక్టానిడ్ గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లని మందు ఏమీ చేయదు. అందుకే పొదిగిన పిల్లలు మళ్లీ గుడ్లు పెట్టే వయసుకి రాకముందే రెండో విడత పడాలి. అదే తరగతిలోని గైరోడాక్టైలస్ అయితే నేరుగా పిల్లల్నే కంటుంది, దానికి కంటి చుక్కలు కూడా ఉండవు. మొప్పల్లో గుండ్రటి తిత్తి కనిపించి, లోపల రెండు చూషకాలు (అంటుకునే గిన్నెలు) ఉన్న పురుగుంటే అది డైజీనియా, అంటే బతుకులో ఒకటికి మించి జీవుల్ని మార్చే బల్లపరుపు పురుగు. దాని ముందు దశ నత్తలో గడుస్తుంది. చెరువులో నత్తలు వదిలేసి చేపకి మందు స్నానాలు చేయించడం డబ్బు దండగ. ఈ మూడు ముక్కలూ రిపోర్టులో ఎక్కడా లేవు.

ఇక వంజరం రిపోర్టు. ఇందులో మాత్రం వంక పెట్టడానికి లేదు. పొట్ట గోడకి అంటుకున్న తెల్లటి తిత్తిని చీల్చి, లోపలి పిల్ల పురుగుని మంచినీళ్లలో వేశారు. ఉప్పు తేడాకి నీరు లోపలికి లాగేసి, తలలోంచి ముళ్ల టెంటకిల్స్ (కొరడాల్లాంటి అవయవాలు) నాలుగూ వాటంతట అవే బయటికి తన్నుకొచ్చాయి. ఫోటోలో ముళ్ల వరసలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. ట్రిపనోరింకా వర్గం బద్దెపురుగు అని సరిగ్గా రాశారు. సొరల్లో, టేకు చేపల్లో పెద్దదయ్యే పురుగు ఇది. టెంటకిల్ మీద ముళ్ల అమరిక చూడకుండా జాతి పేరు చెప్పకూడదు, వాళ్లూ చెప్పలేదు. ఆ నిగ్రహం పండుగప్ప దగ్గర ఏమైందో!

శాంపిల్ ఇచ్చేవాళ్లకి ఒక మాట. ఐస్‌లో పెట్టిన చేప మొప్ప పురుగులకి పనికిరాదు. చేప చచ్చాక కాసేపటికే అవి పట్టు వదిలి రాలిపోతాయి, ఉన్నవి చివికిపోతాయి. నీరసంగా ఒడ్డుకి చేరిన చేపలు మూడు, బాగా తిరుగుతున్నవి రెండు, ఆ చెరువు నీళ్లతోనే ఆక్సిజన్ కవర్లో బతికుండగా తీసుకెళ్లండి. మొప్ప కోసేటప్పుడు కూడా అదే నీళ్లు వాడమనండి. కుళాయి నీళ్లు తగిలితే పురుగు ఉబ్బిపోతుంది. కౌంటర్లో కుర్రాడు ఇవేవీ అడగలేదు, చీటీ మీద "సీ బాస్" అని రాసుకుని ఊరుకున్నాడు. చేప శాస్త్రీయ నామం, ఉప్పు శాతం, ఎన్నో మొప్ప తీగ నుంచి తీశారో రాయించుకోవాలి.

తప్పు చూపిస్తే స్లైడు మళ్లీ చూసి, డబ్బు తీసుకోకుండా రిపోర్టు మార్చి ఇచ్చారు. కొత్త రిపోర్టులో సూడోరాబ్డోసైనోకస్ లేటెసి అని ఉంది. పురుగు అదే గానీ, ఆ పేరు పాతది. 2006 నుంచి అది లాటికోలా లేటెసి. సముద్ర జీవుల పేర్ల జాబితా అయిన వర్మ్స్ (WoRMS) వెబ్‌సైట్‌లో ఉచితంగా, నిమిషంలో తేలే సంగతి.