పేపర్ పబ్లిష్ చేస్తామని వచ్చే మెయిల్స్‌తో జాగ్రత్త, డబ్బే కాదు పేపర్ కూడా పోతుంది

పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవాళ్లు, ప్రమోషన్‌కి రీసెర్చ్ పేపర్లు కావాల్సినవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి, మీ డిపార్ట్‌మెంట్ గ్రూపుల్లో కూడా పెట్టండి. అన్ని సబ్జెక్టుల్లోనూ నాణ్యమైన పరిశోధనను ప్రపంచానికి చేరుస్తామని చెప్పుకునే ఒక "అంతర్జాతీయ" జర్నల్ నా స్టైపెండ్‌లో సగానికి పైగా ఫీజు కింద తీసుకుంది. అది ఒక ఎత్తు. నా పేపర్‌ని ఇప్పుడు వదలకుండా పట్టుకు కూర్చుంది, అసలు బాధ అది.

ఆ పేపర్ పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్లలో చేనేత కుటుంబాల అప్పుల మీద రాసింది. పట్టు ధర పెరిగినప్పుడు ఎవరి దగ్గర అప్పు తెస్తారు, మాస్టర్ వీవర్ (పట్టు ఇచ్చి కూలికి నేయించుకునే ఆసామి) దగ్గర తీసుకున్న అడ్వాన్సు కూలిలో ఎలా కోత పడుతుంది, ఇవన్నీ ఇంటింటికీ తిరిగి, మగ్గం పక్కన కూర్చుని అడిగి రాసుకున్న లెక్కలు. వాళ్లు పని ఆపుకుని మరీ చెప్పారు. అలాంటి డేటా ఇంకోసారి తెచ్చుకోవడం అంత తేలిక కాదు.

జరిగింది ఇదీ. ఒక కాన్ఫరెన్స్‌లో పేపర్ చదివాక మెయిల్ వచ్చింది, మీ విలువైన పరిశోధన మా జర్నల్‌కి గౌరవం అని. స్కోపస్ ఇండెక్స్‌డ్, యూజీసీ కేర్ అప్రూవ్డ్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఏడుకి పైన అని రాసుంది. స్కోపస్ అంటే పరిశోధన జర్నల్స్‌ని నమోదు చేసే అంతర్జాతీయ డేటాబేస్, కేర్ అంటే యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నడిపిన మంచి జర్నల్స్ జాబితా, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఒక జర్నల్ పేపర్లని మిగతా పరిశోధకులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె. పేపర్ పంపిన వారం తిరక్కముందే యాక్సెప్టెన్స్ లెటర్ పంపారు. రివ్యూ రిపోర్ట్ (సబ్జెక్టు తెలిసినవాళ్లు పేపర్ చదివి రాసే అభిప్రాయం) ఏదని అడిగితే రెండు లైన్లు, "పేపర్ బాగుంది, ఫార్మాట్ సరిచేయండి" అని. శాంపిల్ ఎలా ఎంచుకున్నావు, ఇన్ని ఊళ్లుంటే ఈ ఊళ్లే ఎందుకు అని ఒక్క ప్రశ్న లేదు, ఎకనమిక్స్ తెలిసినవాళ్లు ఎవరు చదివినా ముందు అడిగేది అదే కదా. ఆ తర్వాత క్యూఆర్ కోడ్, అది కూడా ఒక వ్యక్తి పేరు మీద ఉన్న అకౌంట్‌ది. సైట్‌లో అడ్రస్ అమెరికాది, ఫోన్ నంబర్ మాత్రం మన దేశానిదే, వాట్సాప్ తప్ప కాల్ ఎత్తరు.

పేపర్ ఆన్‌లైన్‌లో పెట్టారు. టేబుల్స్ చిందరవందరగా ఉన్నాయి, పై మార్జిన్‌లో వేరే ఎవరిదో పేరుంది. మా గైడ్ సర్ అది చూసి ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒక ప్రొఫెసర్‌కి ఆయన యూనివర్సిటీ మెయిల్ అడ్రస్‌కే రాశారు. ఆయన పేరు అక్కడ ఉన్న సంగతే ఆయనకి తెలియదట! వెంటనే పేపర్ తీసేయమని అడిగాను. తీసేయాలంటే విత్‌డ్రాయల్ ఫీజు కట్టాలన్నారు, అదీ డాలర్లలో, ముందు కట్టినదానికంటే ఎక్కువ. కట్టకపోతే పేపర్ అక్కడే ఉంటుంది. ఒకచోట అచ్చయిన పేపర్‌ని మంచి జర్నల్ ఏదీ మామూలుగా మళ్లీ తీసుకోదు కాబట్టి ఆ ఊళ్లలో చేసిన పని అంతా ఎవరూ నమ్మని చోట ఇరుక్కుపోయినట్టే.

వాళ్లు చెప్పిన మూడు మాటలూ తర్వాత ఒక్కొక్కటిగా చూశాం. స్కోపస్‌లో ఉందో లేదో చూడటానికి లాగిన్ అక్కర్లేదు, దాని సోర్సెస్ పేజీ ఎవరైనా ఉచితంగా తెరవచ్చు. అక్కడ జర్నల్ పేరు కనిపించింది కదా అని ఆగిపోకండి, పక్కన సంవత్సరాలు చూడండి. మా జర్నల్ పేరు అక్కడ నిజంగానే ఉంది, కానీ దాని పేపర్లని స్కోపస్ చేర్చుకోవడం ఆపేసి చాలా ఏళ్లయింది. యూజీసీ కేర్ జాబితా సంగతి ఇంకా ముఖ్యం, ఆ జాబితానే ఇప్పుడు లేదు. యూజీసీ దాన్ని ఆపేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది, జర్నల్ మంచిదో కాదో తేల్చుకునే బాధ్యత విద్యాసంస్థలకే వదిలేసింది. ఇప్పటికీ "కేర్ అప్రూవ్డ్" అని కొత్తగా అమ్ముతున్నారంటే వాళ్లతో మాట్లాడాల్సిన పనే లేదు. ఇక అసలైన జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ క్లారివేట్ అనే సంస్థ ఏటా ఇచ్చేది ఒక్కటే. "గ్లోబల్", "సైంటిఫిక్" లాంటి మాటలు ముందు తగిలించి అంకెలు ఇచ్చేవాళ్లు వేరు, ఆ అంకెలకి విలువ లేదు. ఐఎస్ఎస్ఎన్ నంబర్ ఉంది అని కూడా గొప్పగా చూపిస్తారు. అది పత్రికని గుర్తించడానికి ఇచ్చే ఎనిమిది అంకెల నంబర్ మాత్రమే, లోపల ఏముందో ఎవరూ చదివి ఇవ్వరు.

ఇంకో రకం మోసం ఉంది, మంచి జర్నల్ పేరు, దాని నంబర్ అన్నీ కాపీ కొట్టి నకిలీ సైట్ పెట్టడం. ఇలాంటివాటిని రిట్రాక్షన్ వాచ్ (పరిశోధన పేపర్లలో తప్పులు, మోసాలు బయటపెట్టే సైట్) వాళ్లు ఒక జాబితాగా పెట్టి అప్‌డేట్ చేస్తున్నారు, పేపర్ పంపే ముందు అందులో ఒకసారి వెతకండి.

ఇవన్నీ ఏదో చిల్లర మోసాలని తేలిగ్గా తీసుకోవద్దు. 2013లో సైన్స్ పత్రిక కోసం జాన్ బొహానన్ అనే జర్నలిస్టు కావాలనే తప్పులతో నిండిన ఒక బూటకపు పేపర్‌ని 304 జర్నల్స్‌కి పంపితే 157 యాక్సెప్ట్ చేశాయి. మన హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. ఫీజు ముందు చెప్పకపోవడం, సరైన రివ్యూ లేకుండానే చేశామనడం, ఒప్పుకోనివాళ్ల పేర్లు ఎడిటర్లుగా పెట్టుకోవడం, పేపర్ వెనక్కి ఇవ్వకపోవడం, ఆరోపణలు ఇవే. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పు ఇచ్చింది. నాకు జరిగినదానికి ఆ సంస్థతో సంబంధం లేదు, పద్ధతి మాత్రం అచ్చం అదే.

ఫీజు తీసుకునే జర్నల్స్ అన్నీ దొంగవని నేను అనడం లేదు. పేరున్నవి కూడా కొన్ని తీసుకుంటాయి, కానీ ఎంతో ముందే సైట్‌లో రాసి ఉంటుంది. మనకి ఫీజు లేనివి కూడా ఉన్నాయి, సైన్స్ వాళ్లకి బెంగళూరు నుంచి వచ్చే కరెంట్ సైన్స్, మా ఎకనమిక్స్ వాళ్లకి ముంబై నుంచి వచ్చే ఈపీడబ్ల్యూ (ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ). నెలల తరబడి ఆగాలి, తిప్పి కూడా పంపుతారు, అది నిజమే. థీసిస్ టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌లోనే అందరూ ఈ మెయిల్స్ వైపు చూస్తారు. అందుకే చెప్తున్నా, 2022 యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి పేపర్ పబ్లిష్ చేసి తీరాలన్న షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో ఆర్డినెన్స్ తెప్పించుకుని చూడండి, సీనియర్లు చెప్పిన మాట మీద ఆధారపడొద్దు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లుంటే విత్‌డ్రాయల్ ఫీజు కట్టకండి, కడితే తీసేస్తారన్న గ్యారంటీ ఏమీ లేదు. కాపీరైట్ ఫారం మీద సంతకం మాత్రం అసలు పెట్టొద్దు. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, మీ సంతకంతో ఇస్తే తప్ప హక్కు బదిలీ చెల్లదు. నేను సంతకం పెట్టలేదు, నాకు మిగిలిన ధైర్యం అదొక్కటే. పేపర్ ఉపసంహరించుకుంటున్నానని తేదీతో మెయిల్ పెట్టి, గైడ్‌కి, లైబ్రేరియన్‌కి కాపీ పెట్టండి. డబ్బు పోయినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ట్రాన్సాక్షన్ నంబర్ ఇవ్వండి. తర్వాత అసలైన జర్నల్‌కి పంపేటప్పుడు జరిగింది ఏదీ దాచకుండా, ఆ మెయిల్స్ అన్నీ జత చేసి ఎడిటర్‌ని ముందే అడగండి, తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. నేను ఇప్పుడు అలాగే రాసి ఒక ఎడిటర్ జవాబు కోసం చూస్తున్నాను. ఇలాంటి పరిస్థితి నుంచి పేపర్ బయటికి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా చేశారో కింద రాయండి.