ఐటీ రిటర్న్: ఐదేళ్లు మరొకరి చేత, ఏడేళ్లు నా చేతుల్లో

2018 డిసెంబరులో నా బ్యాంకు ఖాతాలో ఐటీ రీఫండ్ (ఎక్కువగా కట్టిన ఆదాయపు పన్ను వాపసు) రూ.560 పడింది. నాకు రావలసింది రూ.13,200. మిగతా డబ్బు ఏమైందో తెలుసుకోవడానికి రెండు నెలలు పట్టింది. తెలిసిన రోజే, ఇక నా రిటర్న్ నేనే వేసుకోవాలని గట్టిగా అనుకున్నాను.

మాది కడప. పక్క మండలంలో జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. 2014 నుంచి 2025 దాకా పన్నెండు రిటర్నులు అయ్యాయి. మొదటి ఐదూ ఏడురోడ్ల కూడలి వైపు ఒక టాక్స్ ప్రాక్టీషనర్ దగ్గర వేయించాను. తర్వాతి ఏడింటిలో ఆరు సొంతంగా వేసుకున్నాను, ఒకదానికి మాత్రం సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) దగ్గరికి వెళ్లాను. ప్రతి జులైలో మా స్టాఫ్‌రూములో "ఎవరి దగ్గర వేయిస్తున్నావక్కా, నువ్వే వేసుకుంటావంట గదా" అని అడుగుతూనే ఉంటారు. నేను చూసింది చూసినట్టు ఇక్కడ రాస్తున్నాను.

ప్రాక్టీషనర్ దగ్గర పని చాలా సులువుగా ఉండేది. జీతం, పన్ను కోత వివరాలతో ఆఫీసు ఇచ్చే ఫారం 16 రాగానే జిరాక్స్ తీసుకుని బడి అయ్యాక ఆయన దగ్గరికి పోయేదాన్ని. 2014లో రూ.300 తీసుకున్నారు, 2018కి అది రూ.500 అయింది. పాన్, బ్యాంకు పాస్‌బుక్ చూసుకుని ఐదు నిమిషాల్లో "మీరు పోండి మేడమ్, నేను చూసుకుంటా" అనేవారు. వారం తర్వాత ఒక కాగితం ఇచ్చేవారు, సంతకం పెడితే దాన్ని బెంగళూరుకు పోస్టు చేసేవారు. గడువు ఎన్నడూ దాటనివ్వలేదు. నెమ్మదైన మనిషి, ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు.

కానీ ఆ ఐదేళ్లలో నా రిటర్న్ లోపల ఏముందో నేను ఒక్కసారి కూడా చదవలేదు. ఐటీ శాఖ పోర్టల్‌లో నా పేరు మీద ఉన్న ఖాతాకు ఆయన ఫోన్ నంబరు, ఆయన మెయిల్ ఇచ్చారు. పాస్‌వర్డ్ కూడా ఆయనకే తెలుసు. ఇది ఆయన ఒక్కరి పద్ధతే కాదు. తర్వాత మా బడిలో కనుక్కుంటే నలుగురిలో ముగ్గురి పరిస్థితి ఇదే.

అసలు జరిగింది ఇది. ఒక ఏడాది నాకు డీఏ అరియర్స్ (కరువు భత్యం బకాయిలు) ఒకేసారి వచ్చాయి. పాత సంవత్సరాల డబ్బు ఒకే ఏడాదిలో చేతికి రావడం వల్ల పన్ను పెరిగితే, ఆ పెరిగిన మేరకు సెక్షన్ 89 కింద రిలీఫ్ అడగవచ్చు. అలా నాకు రూ.11,400 రిలీఫ్ రావాలి. 2017 రిటర్న్‌లో ఆయన ఆ అంకె వేశారు. కానీ దానికి ముందే ఆన్‌లైన్‌లో వేయాల్సిన ఫారం 10ఈ వేయలేదు. 10ఈ లేకుండా రిలీఫ్ అడిగితే ఒప్పుకోరు. రిలీఫ్ కొట్టేసి, వడ్డీతో కలిపి రూ.12,640 కట్టాలని డిమాండ్ పంపారు. అది ఆయన మెయిల్‌కు పోయింది. మరుసటి ఏడు రీఫండ్‌లో ఆ డిమాండ్ పట్టుకుంటున్నామని ఇంకో మెయిల్ వచ్చింది, అదీ ఆయనకే. చివరికి నాకు తెలిసింది ఆ రూ.560 మాత్రమే.

అడిగితే, "రోజుకు వంద మెయిల్స్ వస్తాయి మేడమ్, అన్నీ చూడలేం గదా" అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. ఐదు వందల ఫీజులో ఏడాది పొడవునా నా నోటీసులు కనిపెట్టుకుని ఉండే పని లేదు. తర్వాత నేనే 10ఈ వేసి, రెక్టిఫికేషన్ (సరిదిద్దమనే అర్జీ) రెండు సార్లు పెట్టాను. రెండు సార్లూ ఏ మార్పూ లేదనే వచ్చింది. నాకు హక్కుగా రావలసిన డబ్బు ఒక్క ఫారం వేయకపోవడం వల్ల పోయిందంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. టీచర్లు, ఉద్యోగులు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట: అరియర్స్ వచ్చిన ఏడాది ముందు 10ఈ, ఆ తర్వాతే రిటర్న్. మీరు వేసుకున్నా, ఎవరి చేత వేయించుకున్నా సరే.

2019లో ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చుకుని, నా నంబరు, నా మెయిల్ పెట్టుకుని మొదటిసారి సొంతంగా వేశాను. ఒక ఆదివారం మొత్తం పట్టింది. సబ్మిట్ నొక్కేముందు చేతులు వణికాయి. మా అబ్బాయి పక్కన కూర్చుని ఒక్కో అంకె చదువుతుంటే ఫారం 16తో సరిచూసుకున్నాను. జీతం, ఒక ఇల్లు, బ్యాంకు వడ్డీ మాత్రమే ఉండి, మొత్తం ఆదాయం యాభై లక్షల లోపు ఉన్న మాలాంటి వాళ్లకు ఐటీఆర్-1 అనే రిటర్న్ ఫారం సరిపోతుంది. అందులో సగం వివరాలు ముందే నింపి ఉంటాయి. ఇప్పుడు నాకు ముప్పావుగంట చాలు.

అయితే ఆ ముప్పావుగంటకు ముందు చేసే పనే అసలు పని. మొదట 26ఏఎస్ (మన పాన్ మీద జమైన పన్ను వివరాలు) తెరిచి, ఫారం 16లో ఉన్న టీడీఎస్ (జీతంలో ముందే పట్టుకున్న పన్ను) అందులో పడిందో లేదో చూస్తాను. 2020లో చూస్తే చివరి మూడు నెలల కోత కనిపించలేదు. జీతంలో పట్టుకున్నారు, కానీ ఆ త్రైమాసికం లెక్క ఇంకా అప్‌లోడ్ కాలేదు. ఆఫీసుకు రెండుసార్లు తిరిగి, అది పడ్డాకే రిటర్న్ వేశాను. చూసుకోకుండా వేసి ఉంటే కట్టిన పన్నే మళ్లీ కట్టమని నోటీసు వచ్చేది. 2021 నవంబరులో పోర్టల్‌లో ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక) వచ్చింది. మన పాన్ మీద వచ్చిన సేవింగ్స్ వడ్డీ, డిపాజిట్ల వడ్డీ, డివిడెండ్, షేర్లు, ఫండ్ల అమ్మకాలు అన్నీ అందులో కనబడతాయి. పాత ఐదేళ్లలో నన్ను ఎవరూ బ్యాంకు వడ్డీ ఎంతని అడగలేదు. ఇప్పుడు ఎవరైనా మంచి ప్రాక్టీషనర్ ఎవరని అడిగితే నేను చెప్పే గుర్తు ఇదే. వడ్డీ ఎంత అని అడిగితే ఆయన పని తెలిసినవాడు. ఫారం 16 ఒక్కటి తీసుకుని పంపించేస్తే ఆయన టైపు మాత్రమే చేస్తున్నాడు.

సొంతంగా వేసుకోవడంలో నాకు దక్కిన పెద్ద లాభం పాత, కొత్త పన్ను విధానాల దగ్గర కనిపించింది. పాతదానిలో పొదుపు, లోను వంటి మినహాయింపులు ఉంటాయి, కొత్తదానిలో అవి చాలావరకు ఉండవు కానీ రేట్లు తక్కువ. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి మనం ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. 2024-25లో నా జీతం రూ.9,60,000. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ ఉండే తగ్గింపు) రూ.75,000 పోగా పన్ను, సెస్సుతో కలిపి రూ.40,040 అయింది. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ రూ.50,000, వృత్తి పన్ను రూ.2,400, ఇంటి లోను వడ్డీ రూ.1,40,000, 80సీ సెక్షన్ కింద పొదుపు లక్షన్నర, సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్) కింద అదనంగా రూ.50,000 తీసేస్తే రూ.27,060 అయింది. అంటే పాతదానిలో దాదాపు రూ.13,000 తక్కువ. అదే ఇంటి లోను లేకపోతే పాతదానిలో రూ.56,000 దాటేది, కొత్తదే మేలు. పక్క సీటులోని సార్‌కు ఏది మంచిదో అది నాకు మంచిది కాకపోవచ్చు. సీజనులో వందల రిటర్నులు వేసే మనిషి ప్రతి ఒక్కరికీ రెండు లెక్కలూ వేసి చూస్తాడని నేను నమ్మను. మన లెక్క మనమే రెండు రకాలుగా వేసి చూసుకోవాలి. పోర్టల్ రెంటినీ పోల్చి చూపిస్తుంది కూడా.

ఇంకో సంగతి. 2025-26 నుంచి కొత్త విధానంలో పన్నెండు లక్షల దాకా పన్ను లేదు కాబట్టి రిటర్న్ కూడా అవసరం లేదని మా దగ్గర చాలామంది అనుకుంటున్నారు. అది తప్పు. ఆ మినహాయింపు రిబేటు రూపంలో వస్తుంది, అంటే పన్ను లెక్కగట్టాక దాన్ని మాఫీ చేస్తారు. ఆదాయం నాలుగు లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సిందే.

సొంతంగా వేసినప్పుడు నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయాక నా ఖాతా ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారింది. పోర్టల్‌లో దాన్ని మార్చి మళ్లీ వాలిడేట్ చేయలేదు. రీఫండ్ ఫెయిల్ అయింది. సరిచేసి, మళ్లీ పంపమని అడిగితే నెలలోపు వచ్చింది. ఆ మెసేజ్ నా ఫోనుకే వచ్చింది కాబట్టి అదే రోజు తెలిసింది. మా నాన్న ఖాతా ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో ఉండేది. 2025 మే 1న రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒకటయ్యాయి కదా, అలాంటి ఖాతా ఉన్నవాళ్లు వేసేముందు ఒకసారి చూసుకోండి.

ఇక సీఏ సంగతి. 2021-22లో, 2010లో రూ.2,40,000కు కొన్న స్థలం రూ.9,50,000కు అమ్మాను. ఐటీఆర్-1 పనికి రాదు, ఐటీఆర్-2 వేయాలి. రెండు రాత్రులు కూర్చుని నేనే లెక్క వేశాను. అప్పటి పద్ధతిలో ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచడం) కలుపుకుంటే కొన్న ధర రూ.4,55,569 అయింది, దాని మీద లాభం రూ.4,94,431, ఇరవై శాతం పన్ను లక్షకు దగ్గరగా వచ్చింది. ధైర్యం చాలక ఒక సీఏ దగ్గరికి పోయాను. ఆమె అడిగిన రెండో ప్రశ్న, "స్థలం మీద తర్వాత ఏమైనా ఖర్చు పెట్టినారా?" అని. 2012లో అరవై వేలు పెట్టి ప్రహరీ కట్టించాం, బిల్లులు బీరువాలోనే ఉన్నాయి. అది కూడా ఇండెక్స్ చేస్తే రూ.95,100 అయింది. పన్ను రూ.19,020 తగ్గింది, దాని మీద సెస్సు కూడా. ఆమె ఫీజు రూ.3,500. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ అమ్మిన ధర కన్నా బాగా ఎక్కువగా ఉంటే ఆ విలువనే అమ్మకం ధరగా తీసుకుంటారని కూడా ఆమే చెప్పి, దస్తావేజు అడిగి చూసింది. ఇలాంటి ప్రశ్నలు నాకు తట్టవు. వేసే ముందు రిటర్న్ మొత్తం స్క్రీన్ మీద చూపించి, ఓటీపీ నా ఫోనుకే తెప్పించింది. డబ్బు ఇచ్చి పని చేయించుకున్నా నా రిటర్న్ నాకు అర్థమైంది ఆ ఏడాదే.

మా ఆయనకు చిన్న కిరాణా అంగడి ఉంది. ఆయనది నేను వేయను. జీఎస్టీ చూసే ప్రాక్టీషనరే ఐటీఆర్-4 కూడా వేస్తాడు. అమ్మకాల లెక్క రెండు చోట్లా ఒకటే ఉండాలి. పైగా వ్యాపారం ఉన్నవాళ్లు మాలాగా ఏటా పాత, కొత్త విధానాలు మార్చుకోలేరు. దానికి వేరే ఫారం ఉంది, ఒకసారి పాతదాని నుంచి కొత్తదానికి తిరిగొస్తే మళ్లీ పాతదానికి పోవడానికి ఉండదు. ఆ నిర్ణయం తెలిసినవాళ్లతో మాట్లాడి తీసుకోవాలి. అయితే ఆయన పోర్టల్‌లో ఫోన్ నంబరు, మెయిల్ మాత్రం మావే.

చివరగా, నన్ను నిజంగా భయపెట్టే విషయం. కొన్నేళ్ల క్రితం ఒకతను మా బడికి వచ్చి, కోత కోసిన టీడీఎస్‌లో చాలా భాగం రీఫండ్ తెప్పిస్తానని, వచ్చినదాంట్లో పదిశాతం ఇస్తే చాలని చెప్పాడు. ఇద్దరు ఒప్పుకున్నారు. డబ్బు నిజంగానే వచ్చింది. కట్టని చదువు లోను వడ్డీ, ఇవ్వని పార్టీ విరాళాలు చూపించి తెప్పించాడని తర్వాత తెలిసింది. ఆ ఇద్దరిలో ఒకామె, నాకు చెల్లెలిలాంటి టీచరు, నా దగ్గరికి వచ్చి, "అక్కా, నేనేం అబద్ధం చెప్పలేదు గదా, అతనే రాసినాడు" అని ఏడ్చింది. కానీ ఆ రిటర్న్ ఆమె పాన్ మీద, ఆమె చెప్పిన ఓటీపీతో వెళ్లింది. చట్టం ఆమెనే అడుగుతుంది. తప్పుడు వివరాలిచ్చి తగ్గించుకున్న పన్నుకు జరిమానా రెండింతల దాకా ఉంటుంది. నోటీసు రాకముందే అప్‌డేటెడ్ రిటర్న్ వేసి, తీసుకున్న డబ్బు, వడ్డీ, ఆ రెంటి మీద పాతిక శాతం అదనం కట్టి బయటపడింది. 2025 జులై 14న ఐటీ శాఖ ఇలాంటి వాళ్ల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. అంతకు ముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది రిటర్నులు సరిదిద్దుకుని రూ.1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కూడా చెప్పింది. రీఫండ్‌లో వాటా అడిగే మనిషికి మీ పాన్ నంబరు కూడా చెప్పొద్దు.

జీతం, పెన్షన్, బ్యాంకు వడ్డీ మాత్రమే ఉన్నవాళ్లకు నేను సొంతంగా వేసుకోమనే చెబుతాను. స్థలం, ఇల్లు అమ్మినా, షేర్లలో లావాదేవీలు ఎక్కువగా ఉన్నా, వ్యాపారం ఉన్నా ఆ ఏడాది డబ్బు ఇచ్చి మంచి మనిషిని పట్టుకోండి. నెట్ అలవాటు లేనివాళ్లు ఇంట్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. మా నాన్నది నేనే వేస్తాను. పెద్దవాళ్లకు పాత విధానంలో డిపాజిట్ల వడ్డీ మీద రూ.50,000 దాకా మినహాయింపు ఉందని నేను చెప్పేదాకా ఆయనకు తెలియదు. వేశాక ముప్పై రోజుల్లో ఈ-వెరిఫై (ఓటీపీ వంటివాటితో ఆన్‌లైన్ ధ్రువీకరణ) చేయడం మాత్రం మరవకండి. అది కాకపోతే వేసిన రిటర్న్ చెల్లదు.

ఆ చెల్లెలు ఇప్పుడు తన రిటర్న్ తనే వేసుకుంటోంది. పోయిన సెప్టెంబరులో ఫారం 16, లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నేను పక్కన కూర్చున్నాను. అంకెలన్నీ తనే వేసింది, ఓటీపీ తన ఫోనుకే వచ్చింది.