పుణెలో మోటార్, హైదరాబాద్‌లో బండి: ఇంటర్నెట్ మీద హిల్ టెస్టింగ్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

అసలు యంత్రాన్ని, మిగతా బండి కంప్యూటర్ మోడల్‌తో కలిపి పరీక్షించే హార్డ్‌వేర్-ఇన్-ద-లూప్ సిమ్యులేషన్‌ని, అంటే మేం రోజూ అనే హిల్ టెస్టింగ్‌ని, మా టీమ్ కొన్నేళ్లుగా ఇంటర్నెట్ మీదే చేస్తోంది. అసలు మోటార్, దానికి కరెంటు అందించే ఇన్వర్టర్ పుణెలో డైనో (మోటార్‌ని బిగించి పరీక్షించే యంత్రం) మీద ఉంటాయి. బండి బరువు, గేరు, టైర్లు, రోడ్డు అన్నీ హైదరాబాద్‌లో మా రియల్‌టైమ్ కంప్యూటర్‌లో మోడల్‌గా నడుస్తాయి. ఇక్కణ్ణుంచి వేగం వెళ్తుంది, అక్కణ్ణుంచి టార్క్ (మోటార్ తిప్పే బలం) వస్తుంది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆన్ ఆర్బర్‌లోని ఇంజన్‌ని, వారెన్‌లో సైన్యం పరిశోధన కేంద్రంలోని డ్రైవింగ్ సిమ్యులేటర్‌తో కలిపి ఈ పని ఎప్పుడో చేసి చూపించారు.

అందరూ ముందు అడిగేది పింగ్, అంటే సిగ్నల్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, ఎంత అని. మాకు రానుపోను 25 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది కాబట్టి, ఈ దూరానికి 5 మిల్లీసెకన్ల కంటే తగ్గే ప్రశ్నే లేదు. అయితే పింగ్ ఒక్కటీ చూసి కచ్చితత్వం తేల్చలేం. సెకనుకు ఒకసారి ఊగే సిగ్నల్‌కి 25 మిల్లీసెకన్లంటే 9 డిగ్రీల వెనకబాటు (ఒక పూర్తి ఊపు 360 డిగ్రీలు). అదే 5 హెర్ట్జ్‌కి, అంటే సెకనుకు 5 సార్లు ఊగేదానికి, 45 డిగ్రీలు, 10 హెర్ట్జ్‌కి 90.

అందుకే డ్రైవ్ సైకిల్ (పరీక్ష కోసం ముందే నిర్ణయించిన వేగాల వరస) మొత్తం మీద కరెంటు ఖర్చు, మోటార్ వేడి లాంటి నిదానమైన లెక్కలు, అంతా ఒకే ల్యాబ్‌లో నడిపినప్పటి ఫలితాలతో బాగా సరిపోతాయి. వాటిని నేను నిశ్చింతగా రిపోర్టులో పెడతాను.

కుదుపుల దగ్గరే వస్తుంది చిక్కు. ఆగి ఉన్న బండిలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే షాఫ్టులు మెలిపడి, బండి ఒకట్రెండుసార్లు ఊగి సర్దుకోవాలి. ఒకే ల్యాబ్‌లో గ్రాఫ్ అలాగే వస్తుంది. నెట్ మీద అదే సాఫ్ట్‌వేర్‌తో ఊపు ఆగకుండా సాగుతుంది. ఊపుని అణచాల్సిన టార్క్ ఆలస్యంగా రావడంతో దాని పట్టు సడలుతుంది. 10 హెర్ట్జ్ దగ్గర అసలు అణచనే అణచదు. ఆ గ్రాఫ్ ఒక్కటే చూసినవాళ్లు, ఏ లోపమూ లేని మోటార్ కంట్రోలర్‌ని పట్టుకుని మార్చేస్తారు.

ఆలస్యం కన్నా నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది జిట్టర్, అంటే ఆ ఆలస్యం క్షణక్షణం మారుతూ ఉండటం. ఉదయం వచ్చిన ఫలితం సాయంత్రం రాదు. ఇప్పుడు బఫర్ పెట్టి, అంటే వచ్చిన డేటాని కాసేపు ఆపి వదులుతూ, రానుపోను ఆలస్యాన్ని 40 మిల్లీసెకన్ల దగ్గర కట్టేశాం. ఆలస్యం పెరిగినా, ఏ పూట నడిపినా ఒకే గ్రాఫ్ వస్తోంది. నా దృష్టిలో ఈ బేరం లాభమే. రెండు చివర్లా జీపీఎస్ గడియారాలు తప్పనిసరి. అవి లేకపోతే పోయేటప్పుడు ఎంత పట్టిందో, వచ్చేటప్పుడు ఎంత పట్టిందో విడిగా తెలియదు. డేటా పంపడానికి, పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే టీసీపీ పద్ధతి జోలికి పోకండి: ఒక్క ప్యాకెట్ పోతే వెనకవన్నీ ఆగిపోతాయి. అలా ఆగని యూడీపీ పద్ధతి వాడి, ఆలస్యమైన ప్యాకెట్‌ని వదిలేయడమే మేలు. ముందస్తు అంచనా వేసే ప్రెడిక్టర్లు గ్రాఫ్‌ని అందంగా చేస్తాయి గానీ, సరిగ్గా పెడల్ తొక్కిన క్షణంలోనే తప్పుతాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఒకే గదిలో రెండు కంప్యూటర్ల మధ్య ఆలస్యం లేకుండా నడిపి చూడండి. విడగొట్టకుండా నడిపినప్పటి ఫలితంతో అప్పుడే కొంత తేడా కనిపిస్తే, తప్పు నెట్‌ది కాదు, మోడల్‌ని విడగొట్టిన చోటిది. ఆ తర్వాతే కృత్రిమంగా ఆలస్యం కలుపుతూ పోవాలి. మేం ఇప్పటికీ మైలేజీ, వేడి లెక్కలకి పుణె లింకే వాడుతున్నాం. కుదుపులు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) పనులకి మాత్రం మోటార్‌ని లారీ ఎక్కించి మా ల్యాబ్‌కే తెప్పించుకుంటాం.