పెద్దవాళ్ళతో వాట్కిన్స్ గ్లెన్, టగానక్ వెళ్తున్నారా?

మేం ఉండేది న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో. మార్కాపురం నుంచి అమ్మానాన్న వచ్చారని జూలైలో ఒక శనివారం ఫింగర్ లేక్స్ వైపు తీసుకెళ్ళాం. చేతి వేళ్ళలా సన్నగా, పొడుగ్గా సాగిన 11 సరస్సులు, వాటి చుట్టూ బోలెడు స్టేట్ పార్కులు. ఒక్కరోజులో రెండు చూశాం. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చినవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట సెనెకా సరస్సు దక్షిణపు కొసన ఉన్న వాట్కిన్స్ గ్లెన్. ఏదో ట్రావెల్ యాప్‌లో 'ఈజీ వాక్' అని ఉంటే నమ్మాను. తీరా చూస్తే లోయలో దాదాపు రెండున్నర కిలోమీటర్ల దారి, 19 జలపాతాలు, 832 రాతి మెట్లు. అలిపిరి మెట్లు మూడుసార్లు ఎక్కిన మనిషి కదా, నాన్నకి ఇదేం లెక్కలే అనుకున్నాను. అది మోకాళ్ళ నొప్పులు రాకముందు మాట. పైగా ఇక్కడి మెట్లు చాలాచోట్ల తడిగా ఉంటాయి. అమ్మ చెప్పులు జారుతుంటే నాకు ఒకటే టెన్షన్. బూట్లు వేయించకుండా ఎవర్నీ తీసుకెళ్ళకండి.

అయినా వెళ్ళినందుకు చాలా సంతోషం. మెయిన్ ఎంట్రన్స్ నుంచి కాస్త ఎక్కగానే కావర్న్ కాస్కేడ్ అనే జలపాతం. దారి దాని వెనకనుంచే పోతుంది. అమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని తుంపర్లలో నిలబడిపోయింది. నాన్న మాత్రం నీళ్ళు చూడట్లేదు, గోడమీద చెయ్యేసి ఆగిపోయారు. కాగితాల దొంతరలా పల్చటి పొరలు, వాటి సందుల్లోంచి కారుతున్న చెమ్మ. "ఇది మన పలకరాయికి చుట్టమేనమ్మా" అన్నారు. ముప్పై ఏళ్ళు పలకల పనిలో ఉన్న మనిషి, చెయ్యి తగిలితే చాలు తెలిసిపోతుంది. నిజమే, ఇది షేల్. భూమిలోపల ఒత్తిడికీ వేడికీ గట్టిపడితే పలకరాయి అయ్యేది ఇదే. మెత్తటి పొరలు ముందు అరిగిపోయి గట్టివి నిలబడ్డంవల్లే ఏరు ఇలా అంచెలంచెలుగా దూకుతోంది. 1935 వరదలో పాత దారి పాడైపోతే ఇక్కడి రాయితోనే మళ్ళీ కట్టారని చెప్పాను. ఆయన రాళ్ళ అతుకులన్నీ తడిమి తడిమి చూశారు. అక్కణ్ణుంచే వెనక్కి దిగిపోయాం. మోకాళ్ళు బాగాలేనివాళ్ళకి అంతవరకూ చాలు.

పార్కింగ్ రసీదు పారేయకండి. అదే రోజు రెండో పార్కులో చూపిస్తే మళ్ళీ కట్టక్కర్లేదు.

అక్కడికి ముప్పావుగంట దూరంలో, కయూగా సరస్సు ఒడ్డున టగానక్. పెద్దవాళ్ళతో అయితే నేరుగా ఇక్కడికే రండి. జలపాతం అడుగుదాకా కిలోమీటరు పైచిలుకు దారి, వెడల్పుగా, దాదాపు చదునుగా ఉంటుంది. నాన్న ఎక్కడా ఆగకుండా నడిచారు. జలపాతం 215 అడుగులు, నయాగరా కన్నా ఎత్తు. ఎండాకాలం కాబట్టి ధార సన్నగానే ఉంది. నీళ్ళు బాగా చూడాలంటే వసంతకాలంలో రావాలి. అసలు నడవలేనివాళ్ళకి పైన రోడ్డు పక్కనే వ్యూ పాయింట్ ఉంది, కారు దిగితే చాలు. సరస్సు ఒడ్డున చెట్లకింద బల్లలు ఉంటే పులిహోర, పెరుగన్నం అక్కడే తిన్నాం. పిల్లలు ఈతకి దిగారు. లైఫ్‌గార్డ్ ఉన్నచోట తప్ప నీళ్ళలోకి దిగనివ్వకండి.

పెద్దవాళ్ళతో వెళ్తే టగానక్‌కి 5, వాట్కిన్స్ గ్లెన్‌కి 3 స్టార్లు ఇస్తాను. మీరిద్దరే అయితే వాట్కిన్స్ గ్లెన్‌కీ 5 వేసుకోండి. అక్కడ లోయ దారి చలికాలం మూసేస్తారు, చూసుకుని వెళ్ళండి.

ఇంటికొచ్చాక నాన్న ఫోన్‌లో చూస్తే జలపాతాల ఫొటోలు నాలుగున్నాయి, రాతిగోడవి ముప్పై పైనే. అన్నీ మార్కాపురంలో పాత స్నేహితులకి అప్పటికే పంపేశారు.